ఖాళీ అని పేరు పెట్టిన పాట

పొద్దున్నే టీ గ్లాసు కింద పెట్టి భాగ్యమ్మ కొడుకును పిలిచింది. "ఫిలిప్, సాయంత్రం కూటంలో పెట్టడానికి నాన్న పాడిన రెండు వందల పద్నాలుగు తియ్యి. ముందొకసారి నేను వింటాను."

భాగ్యమ్మ భర్త దయానందం పోయి ఆ రోజుకు ఏడాది; సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన కూటం. నాగాయలంక చర్చిలో ముప్ఫై ఏళ్ళు పాట ఎత్తింది ఆయనే. ఒక్కో పాటా ఒక్కో క్యాసెట్లో పట్టి, పైన నంబరు మాత్రం రాసి దాచుకున్నాడు. పోయిన నెల ఫిలిప్ వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, మచిలీపట్నం ఇంట్లో టీవీ పక్కన చిన్న సర్వర్ పెట్టాడు. ఫోన్లో నొక్కితే హాల్లో స్పీకరు పాడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు.

ఆ గొప్ప కాస్తా ఆ పొద్దున దిగిపోయింది.

"ఉన్నవే ముప్ఫై ఎనిమిది పాటలు కదమ్మా. రెండు వందల పద్నాలుగు ఎక్కడుంటుంది?"

కూటం వంటకు సాయంగా పామర్రు నుంచి వచ్చిన అక్క ఝాన్సీ ఉల్లిపాయలు వదిలేసి వచ్చింది. "క్యాసెట్ల మీద నాన్న రాసిన నంబర్లు ఏం చేశావురా?"

"వరసలో లేవని ఒకటి నుంచి మార్చాను."

"అవి పాటల పుస్తకంలో నంబర్లు. చర్చికి వచ్చేవాడికైతే చెప్పక్కర్లేదు."

ఫిలిప్ చర్చి మొహం చూసి పదేళ్ళు దాటింది. అమ్మ అడిగిన పాట ఏదో తెలుస్తుందని ఒక్కో పాటా పెట్టాడు. ఐదో పాటకు భాగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పాటకు ముందు మీ నాన్న మాట్లాడేవాడుగా. అవేవీ?"

"దగ్గులు, మాటలు ఉన్నాయని కోసేశానమ్మా. పాట శుభ్రంగా వినపడుతుందని."

"మరి క్యాసెట్లు?" అంది ఝాన్సీ.

"పాత పేపర్లతో పాటు అమ్మేశాను."

భాగ్యమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పాటలు ఎవరైనా పాడతారు నాయనా. ఆ మాటల కోసమే నేనడిగింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్నను తన చేత్తోనే తుడిచేశానని ఫిలిప్‌కు అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాడు.

ఝాన్సీ అతని ఫోన్ తీసుకుని పాటల పేర్లు చూస్తోంది. "ఇదేంటి, ఖాళీ అని ఉంది?"

"మొదట్లో ఏమీ వినపడలేదు. ఉత్త క్యాసెట్ అనుకుని ఆ పేరు పెట్టి వదిలేశాను."

"పెట్టు."

స్పీకరులోంచి నిమిషం సేపు ఏదో ఫ్యాను చప్పుడు. తర్వాత ఒక దగ్గు. భాగ్యమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రెండు వందల పద్నాలుగు" అంది దయానందం గొంతు. "ఇవాళ మావాడు ఎత్తుకుంటాడు. తప్పు వచ్చినా ఎవరూ నవ్వకండి. ఫిలిప్, భయపడకు నాయనా. నీ వెనకాలే ఉన్నాను."

పదేళ్ళ పిల్లాడి గొంతు వణుకుతూ అందుకుంది. రెండో లైనులో తప్పింది. తండ్రి గొంతు మెల్లగా వచ్చి కలిసింది.

ఫిలిప్ కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "తప్పు చేశానమ్మా. అన్నీ పోగొట్టాను."

భాగ్యమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. "ఇదొక్కటి మిగిలిందిగా. దీన్ని కూటంలో పెట్టొద్దు, ఇది మన ఇంట్లోది. సాయంత్రం పాట నువ్వు ఎత్తు."

సాయంత్రం పాస్టరుగారు మొదటి పాట ఎవరు ఎత్తుతారని అడిగారు. ఫిలిప్ లేచి నంబరు చెప్పాడు. మళ్ళీ రెండో లైనులోనే తప్పింది. ఎవరూ నవ్వలేదు. వెనక కుర్చీలోంచి భాగ్యమ్మ అందుకుంది.