సముద్రపు కోట బొమ్మ కార్డు

సఖినేటిపల్లి రేవు దిగువన వెంకటరమణమ్మగారి ఇంటి మీదుగా పొద్దుగూకేక ఎవరూ నడిచేవారు కాదు. ఆవిడ పోయి ఏడాదైనా, ఆ ఖాళీ ఇంట్లోంచి "ఉత్తరమేమైనా వచ్చిందా బాబూ..." అని వినిపిస్తుందని చెప్పుకునేవారు.

ఆ మాట విన్నప్పుడల్లా పోస్టుమేను తాతాజీకి గుండె కలుక్కుమనేది. బతికున్నన్నాళ్లూ ఆవిడ తనని అడిగింది అదే. కొడుకు కేశవరావుకి బొంబాయి ఓడల్లో పని. ఆవిడకి చదువు రాదు. కార్డు వస్తే తాతాజీయే చదివిపెట్టేవాడు.

స్వరాజ్యం వచ్చిన మూడో ఏడు, శ్రావణంలో, ఆవిడ పేర మళ్లీ ఓ కార్డు వచ్చింది. ఒకవైపు రంగుల బొమ్మ — నడిసముద్రంలో దీవి, దీవి నిండా పాతకాలపు కోట, గోడల్ని కొడుతున్న అలలు. తల్లి పోయిన సంగతి కొడుక్కింకా తెలీదు. రాద్దామంటే, ఓడ మనిషికి నిలకడైన చిరునామా ఏదీ?

కార్డు పై ఆఫీసుకి తిప్పి పంపేయొచ్చు. ఆ ఖాళీ ఇంటికైనా చదివి వినిపించకుండా పంపడానికి తాతాజీకి మనసొప్పలేదు. ఆ సాయంత్రం ముసురుకి చీకటి ముందే పడింది. లాంతరు పట్టుకుని వెళ్లేడు.

అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు...

లాంతరెత్తేడు. కేశవరావు భార్య సూర్యావతి. పిల్లల్లేరని అత్తగారు పుట్టింటికి వెళ్లగొట్టిన మనిషి.

"ఆయన దగ్గర్నుంచి ఉత్తరమేమైనా వచ్చిందాండీ?" అంది.

హమ్మయ్య... జనం వింటున్నది ఈ గొంతన్నమాట. తాతాజీ పక్కన కూర్చుని చదివేడు.

"అమ్మా, మా ఓడ ఈ కోట దగ్గర ఆగింది. చుట్టూ నీళ్లే, మన లంకలు గుర్తొచ్చేయి. సూర్యావతిని పంపించేసేవని, ఎప్పుడో ఊరొదిలొచ్చిన మనవాడొకడు చెప్పేడు. దాన్ని పిలుచుకో. అది లేని ఇంటికి నేను రాను."

సూర్యావతి కార్డందుకుని గుండెలకి అదుముకుంది.

"ఏడవకమ్మా. రోజూ ఇలా చీకట్లో వచ్చి కూర్చుంటే ఎలాగ? ఊరు దడుచుకుంటోంది."

"రోజూనా? నరసాపురం నుంచి ఇవాళేనండీ నేను రావడం. అత్తయ్యగారు పోయేరని పుట్టింట్లో నాకెవరూ చెప్పలేదు, రేవులో దిగేకే తెలిసింది."

తాతాజీ లాంతరు తలుపువైపు తిప్పేడు.

వెనక, తలుపుకి అవతల, ఎవరో కాళ్లీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు... ఆగింది.

"విన్నాను బాబూ," అంది ఆ గొంతు. "అమ్మాయ్... వానలో ఎందుకే? లోపలికి రా."

పెళ్లైనప్పట్నుంచీ ఆ నోట అలాంటి పిలుపు వినలేదు సూర్యావతి. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తాతాజీ చెయ్యి అడ్డం పెట్టేడు — "వద్దమ్మా..."

ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకి తప్పించింది.

"ఆయ్... వస్తున్నానండీ, అత్తయ్యగారూ."

గడియ తీసిన చప్పుడైంది — లోపలినుంచి.