అడిగితేనే వచ్చే పడవ

వేసవిలో స్కారే దీవికి గంటకో పడవ. యాత్రికులు వెళ్ళిపోయాక మాత్రం అడిగితేనే. ముందురోజు మధ్యాహ్నంలోగా రేవు ఆఫీసుకి ఫోన్ చేసి, మాకో కారుందని చెప్పుకోవాలి. చెప్పకపోతే పడవ ఆ దీవి ముఖం కూడా చూడదు.

దీవిలో ఉండే ఇష్బెల్ పెద్దమ్మ చలికాలమంతా ఇవతలి ఒడ్డున ఊనా దగ్గర ఉండడానికి ఒప్పుకున్నప్పుడు, పడవకి ఫోన్ చేసే సంగతి నాకొదిలెయ్యమంది ఊనా. తర్వాత శుభ్రంగా మరిచిపోయింది.

ప్రయాణం రోజున పెద్దమ్మే ఊనాకి ఫోన్ చేసింది. నీళ్ళలోకి దిగే రేవు వాలు చివరిదాకా కారు వెనక్కి నడిపి పెట్టుకున్నానని, పోటు తగిలేలోగా పడవ రావాలని చెప్పింది. ఆ దీవుల్లో కారుని వెనక్కే ఎక్కిస్తారు, దిగేటప్పుడు తిన్నగా దిగొచ్చని.

"ఫోన్ చేశావు కదే?"

ఊనాకి మతి నిలవదని ఊరంతా ఆడిపోసుకునేది ఆవిడే. నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. చేశానంది.

పడవ నడిపే సరంగు మర్డో కాళ్ళావేళ్ళా పడదామని ఇవతలి రేవుకి పరిగెత్తింది. సాయంత్రం నాలుగు కాలేదు, ఆ ఉత్తరపు తీరంలో అప్పుడే చీకటి. కుళ్ళిన నాచు వాసన. ఎక్కడో గొలుసు రాతికి రాసుకుంటున్న చప్పుడు. ఆ చీకట్లోంచి పడవ మెల్లగా వచ్చి ఒడ్డుకి ఆనింది.

"మర్డో, నాదే తప్పు, ఫోను..."

"తప్పేంటమ్మాయ్? నిన్న నువ్వేగా మాట్లాడావు. మీ పెద్దమ్మని తెచ్చేశాం."

తను రేవు ఆఫీసుతో మాట్లాడనేలేదు. ఆ మాట అనలేక, అవునన్నట్టు తలూపింది. తనంటే తనకే అసహ్యం వేసింది. అయినా గండం గడిచింది కదా అనుకుంది.

పడవలో పెద్దమ్మ ఆకుపచ్చ కారు ఉంది. లోపల తెల్లజుట్టు ముడి. కానీ రేవు వైపున్నది కారు వెనక భాగం. ముక్కు ముందుకు పెట్టి ఎక్కించారు... పెద్దమ్మ చచ్చినా అలా ఎక్కించదు.

చేతిలో ఫోన్ మోగింది.

"ఊనా..." పెద్దమ్మ గుసగుస. వెనక నీళ్ళ చప్పుడు. "నీళ్ళు తలుపుదాకా వచ్చాయే... పడవ కనపడదేం? నిజం చెప్పు... ఫోన్ చేశావా?"

లేదని ఒక్క మాటంటే చాలు. ఆవిడ కారొదిలేసి ఒడ్డెక్కేస్తుంది. కానీ పక్కనే మర్డో నవ్వుతూ వింటున్నాడు. ఎదురుగా కారులో మనిషి కదలకుండా కూర్చుంది.

"చేశాను పెద్దమ్మా. వస్తోంది."

ఫోన్లో కాసేపు నీళ్ళ చప్పుడు... తర్వాత ఏమీ లేదు.

ఆకుపచ్చ కారు వెనక్కి దిగి ఆమె పక్కన ఆగింది. అద్దం కిందికి జారింది. అదే ముఖం. అదే చిరునవ్వు.

"ఎక్కు. ఇల్లు ఎటో చెప్పు, నాకు తెలీదు."

పెద్దమ్మ పుట్టిందే ఆ ఇంట్లో.

మర్డో చెయ్యి ఊపాడు. ఊనా తలవంచుకుని ఎక్కి కూర్చుంది. దారి చెప్పింది.