లెక్క తేలని పుస్తకాలు

"ఈ అల్మారాలు సర్దింది ఎవరండీ?"

బ్రాంచి లైబ్రరీలోకి అడుగుపెడుతూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది.

ట్రాలీ తోసుకుంటూ వస్తున్న అబ్బాయి ఆగాడు. "నేనేనండీ. బాగున్నాయా?"

"తోటపని పుస్తకాల మధ్యలో గుండెజబ్బుల పుస్తకం ఉంది."

"మొక్కలకి నీళ్లు మోస్తే గుండెకి మంచిదని..."

ఆమె నవ్వలేదు. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. అబ్బాయి అది చూడనే చూశాడు. కొంప అక్కడే మునిగింది.

ఆ అమ్మాయి ఊరికి ఆ చివరనున్న మెయిన్ లైబ్రరీలో పనిచేస్తుంది. ఇక్కడ స్టాక్ చెకింగ్ చేయడానికి పంపారు. చెకింగ్ ఉన్నన్నాళ్లూ ఇక్కడ, అయిన మర్నాడు మళ్లీ అక్కడ.

అబ్బాయి ఈ బ్రాంచిలో అసిస్టెంటు. పేరుకే అసిస్టెంటు. పొద్దున్నే రిటర్న్ బాక్సు తాళం తీసి, రాత్రి జనం పడేసిపోయిన పుస్తకాలు స్కాన్ చేయడం, చిరిగినవాటికి జిగురు పెట్టడం, మిగతావి ట్రాలీకెక్కించి వాటి చోటికి చేర్చడం, ఒకే పేపరు కోసం గొడవపడే పెద్దమనుషులకు తలా ఒక పేజీ పంచడం, అన్నీ అతనే. ఇన్‌ఛార్జి మేడం ఒకావిడ ఉన్నారు. త్వరలో రిటైరవుతున్నారు. అతన్ని "ట్రాలీ" అని పిలవడం మొదలుపెట్టింది ఆవిడే.

పాఠకులు పలచబడే మధ్యాహ్నం వేళ చెకింగ్ నడిచేది. పద్ధతి చాలా తేలిక. ఆమె కౌంటర్ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని నంబరు చదవాలి. అతను లోపల ఆ పుస్తకాన్ని చూసి "ఉంది" అనాలి. మధ్యలో వరసగా అల్మారాలు. మనిషి కనబడదు, గొంతు ఒక్కటే వస్తుంది.

అంకెల్లో ఏముంటుందండీ మనసు పారేసుకోవడానికి? ఏమీ ఉండదు. కానీ ఆ గొంతు నంబరు చివర్లో కాస్త ఆగి, అతని జవాబు కోసం ఎదురుచూసేది. తన కోసం ఒక మనిషి అలా ఆగడం అబ్బాయికి అలవాటు లేదు. కొన్నాళ్లకి "ఉంది" అనడానికి కావాలనే ఆలస్యం చేయసాగాడు.

"నిద్రపోయారా?" అని వచ్చేది గొంతు.

"వెతుకుతున్నానండీ."

"కళ్లెదురుగానే ఉంటుంది. చూడండి."

కళ్లెదురుగా అల్మారా తప్ప ఏమీ లేదు. అదే కదా బాధ.

ఇంట్లో కూడా ఇదే వరస. రాత్రి భోజనం దగ్గర అక్క అడిగింది. "కూరలో ఉప్పు సరిపోయిందా?"

"ఉంది."

"సరిపోయిందా అంటే ఉందంటావేంట్రా? సరేగానీ, ఎవర్రా ఆ పిల్ల?"

"ఏ పిల్లా లేదు."

"పాపం, అదా సంగతి!" అంది అక్క, జాలిగా ఇంకో గరిటె వడ్డిస్తూ.

చెకింగ్ చివరికొచ్చింది. చరిత్ర అయిపోయింది. సైన్స్ మరీ అన్యాయంగా రెండు మధ్యాహ్నాల్లో ముగిసింది. మిగిలింది చేతిపనుల అల్మారా ఒక్కటే. అది కూడా అయిపోతే ఆ గొంతు మళ్లీ వినబడదు. ఈ ఆలోచనకే అబ్బాయికి అన్నం సయించలేదు.

లైబ్రరీలో పనిచేసేవాడు ఎన్నడూ చేయకూడని పని అతను అప్పుడే చేశాడు. "తేనెటీగల పెంపకం" అనే పుస్తకాన్ని తీసి, కింది అరలో లావుపాటి డిక్షనరీల వెనక దాచాడు. డిక్షనరీలు ఎవరికీ అరువివ్వరు, వాటి చెకింగ్ మొదటిరోజే అయిపోయింది. ఇక అటు ఎవరూ చెయ్యి పెట్టరు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఆమెను ఆపితే చాలనుకున్నాడు.

ఆమె నంబరు చదివింది.

"లేదండీ," అన్నాడు.

పుస్తకం కనబడకపోతే ఇద్దరూ కలిసి మొదటినుంచి అన్ని అల్మారాలూ వెతకాలి. అది రూలు. ఆమె కౌంటర్ దగ్గర్నుంచి లేచి లోపలికొచ్చింది. బయట వాన మొదలైంది. ఇరుకు సందులో ఇద్దరూ పక్కపక్కన, ఆమె పై అరలు, అతను కింది అరలు.

"తేనెటీగల పుస్తకం ఎవరు పట్టుకుపోతారండీ?" అంది ఆమె.

"తేనెటీగలే వచ్చి ఉంటాయి. మెంబర్‌షిప్ లేదుగా, చెప్పకుండా తీసుకెళ్లిపోయాయి."

ఈసారి నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వు అంత దగ్గర నుంచి విన్నాక అబ్బాయికి వాన వినబడలేదు. ఆమె వంగి డిక్షనరీల అర వైపు చెయ్యి చాపింది.

"అక్కడ వద్దండీ!" అన్నాడు గబుక్కున. "దుమ్ము. నేను చూశాలెండి."

ఆమె అతనివైపోసారి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు పొద్దున రిటర్న్ బాక్సు పని ముగించి లోపలికొచ్చేసరికి, ఆమె మేడం ముందు నిలబడి ఉంది.

"నిన్న చూసిన అల్మారానే మళ్లీ సరిచూశాను మేడం. ఇంకోటి కూడా తగ్గింది. 'గడియారాల రిపేరు'."

అబ్బాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. తను దాచింది ఒక్కటే. రెండోది నిజంగానే పోయిందా?

మేడం కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. ఎంతసేపటికీ మళ్లీ పెట్టుకోలేదు. "నా సర్వీసులో ఒక్క పుస్తకం పోలేదమ్మా. వెళ్లిపోయే ముందు ఇలా రాయించుకుని వెళ్లాలా?"

ఆ మాట విన్నాక అబ్బాయి అక్కడ నిలబడలేకపోయాడు. తన పుస్తకమైనా తెచ్చిచ్చి ఉన్నదున్నట్టు చెప్పేయాలి. చెబితే ఆ అమ్మాయి దృష్టిలో దొంగైపోతాడు. ఈ జన్మకి ఆమె మళ్లీ తనవైపు చూడదు. కానీ మేడం అలా కూర్చుని ఉండగా తన ప్రేమను కాపాడుకోవడం అతనికి చేతకాలేదు.

నేల మీద కూర్చుని డిక్షనరీలు పక్కకు లాగాడు. వెనక చెయ్యి పెట్టాడు.

చేతికి రెండు పుస్తకాలు తగిలాయి.

బయటికి తీశాడు. ఒకటి తేనెటీగలు. రెండోది గడియారాలు. వాటినలాగే చూస్తూ ఉండిపోయాడు.

"దొరికాయా?"

సందు చివర ఆమె నిలబడి ఉంది. ముఖం కందిపోయి ఉంది.

"ఒకటి నేను పెట్టానండీ," అన్నాడు మెల్లగా.

"తెలుసు. నిన్న మీరు టీకి వెళ్లినప్పుడు చూశాను. ఎక్కడ వెతకొద్దన్నారో అక్కడే కదా వెతకాలి!"

"మరి చూసినప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే చెకింగ్ అయిపోయేది."

"పొద్దున మీరు రిటర్న్ బాక్సు దగ్గరున్నప్పుడు రెండోది నేనే పెట్టాను. ఇవాళొక్కరోజు ఉండి తీసేద్దామనుకున్నాను," అంది ఆమె తలొంచుకుని. "మేడం అంత బాధపడతారనుకోలేదు. నేనూ తీయడానికే వచ్చాను. మీరు ముందొచ్చారు."

"మీరు వెళ్లిపోతే నాకిక్కడ దిక్కుతోచదండీ. మీ గొంతు వినకుండా ఎలా ఉండాలో నాకు తెలియడం లేదు."

"నాకు మాత్రం తెలుసా?" అంది ఆమె.

రెండు పుస్తకాలూ ఇద్దరూ చెరొకటి పట్టుకుని మేడం ముందు పెట్టారు. మేడం కళ్లజోడు పెట్టుకుని పుస్తకాలు చూశారు, తర్వాత ఇద్దరి మోచేతులూ చూశారు. ఇద్దరికీ ఒకే దుమ్ము.

"ఏరా ట్రాలీ, డిక్షనరీల వెనక తుడవమని ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నాను!" అన్నారు. "ఇంకోసారి నా పుస్తకాల జోలికొస్తే ఇద్దరికీ తాట తీస్తాను. ఏదైనా ఉంటే నోటితో చెప్పుకోండి. నోరుంది కదా?"

కోపంగానే అన్నారు. అని, మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

చెకింగ్ ముగిసింది. సాయంత్రం బస్‌స్టాపు దాకా అబ్బాయి కూడా నడిచాడు. నడుస్తున్నంతసేపూ లెక్కలే.

"మీ మెయిన్ లైబ్రరీకి సెలవు శుక్రవారం. మాకు సోమవారం. ఒక్కరోజైనా కలవదు. ఎవడు పెట్టాడండీ ఈ సెలవులు?"

"మీకు లెక్కలు రావు," అంది ఆమె. "శుక్రవారం నేనిక్కడికి వస్తాను. సోమవారం మీరక్కడికి రండి. ఒకే రోజు సెలవైతే వారానికి ఒక్కసారే కదా చూసుకునేది?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

ఆరోజు బుధవారం. మధ్యలో ఉన్నది ఒక్క గురువారమే. ఆ ఒక్క గురువారం ఎలా గడుస్తుందోనని బెంగపెట్టుకుని, అబ్బాయి బస్సు వెళ్లిన దారినే చూస్తూ నిలబడిపోయాడు.