హోలుబ్ వాళ్ళ ఇంట్లో నోరీన్

కర్టిస్ దూడల్ని ట్రైలర్లోకి ఎక్కించుకుని పశువుల సంతకు బయల్దేరేసరికి పొద్దున ఆరయింది. అతని భార్య నోరీన్ పొయ్యి మీద గుడ్లు వేస్తోంది. ఆమె మామగారు ఎమిల్ వొండ్రా బల్లంతా కాగితాలు పరిచేశాడు. ఊరు పుట్టి నూట నలభై ఏళ్ళయిందని వేస్తున్న పుస్తకానికి చరిత్ర, పటం రెండూ ఆయనవే. ప్లేటు పెట్టడానికి జానెడు చోటు లేదు.

"మామయ్యా, ఆ పటంలో మన ఇల్లుందా?"

"లేకేం! ఇదిగో, హోలుబ్ వాళ్ళ ఇల్లు."

"హోలుబ్ వాళ్ళు వెళ్ళిపోయి నలభయ్యేళ్ళు దాటింది. ఉంటున్నది మనం కదా!"

"ఉంటే? ఈ ఊళ్ళో ఉన్నవాడి పేరు ఇంటికి పెట్టరమ్మాయ్. ఖాళీ చేసి వెళ్ళి చూడు, మర్నాటి నుంచీ వొండ్రా వాళ్ళ ఇల్లు అంటారు!" అని ఎమిల్ పకపకా నవ్వాడు.

మా ఊరు జెలెని క్రీక్‌లో ఆ మాట అక్షరాలా నిజం. ఉన్నది ఎనభైమందిమి, అందరం ఇంకెవరివో ఇళ్ళలోనే ఉంటాం. దారి చెప్పడమూ అంతే. లేని బడి దగ్గర ఎడమకు తిరగమంటాం, ఎప్పుడో కాలిపోయిన ధాన్యపు గాదె దాటి రమ్మంటాం. పుట్టి పెరిగినవాళ్ళకు అది చాలు. నోరీన్ తొమ్మిదేళ్ళ కిందట ఒమాహా నగరం నుంచి కోడలిగా వచ్చింది. ఈ తొమ్మిదేళ్ళూ ఆమెను అందరూ 'హోలుబ్ వాళ్ళ ఇంట్లో ఉండే అమ్మాయి' అనే అన్నారు. పైకి నవ్వేది గానీ, ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

తొమ్మిదింటికి ఆరేళ్ళ కూతురు టెస్ కొట్టంలోంచి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. మెడ మీద కందిరీగ కుట్టింది. చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. నోరీన్ అంబులెన్సుకు ఫోను కలిపి, పిల్ల తూలిపోతుంటే ఎత్తుకుంది. ఎమిల్ ఫోను లాక్కున్నాడు.

"తొందరగా రండి, హోలుబ్ వాళ్ళ ఇంటికి! పాత బడి దగ్గర్నుంచి మైలున్నర ఉత్తరానికి..."

"ఇంటి నంబరు చెప్పండి సార్."

"నంబరేమిటమ్మా! హోలుబ్ వాళ్ళ ఇల్లంటే ఎవడైనా చెబుతాడు!" అని పెట్టేశాడు.

అంబులెన్సు తోలేది ఊరివాళ్ళే, జీతం లేని సేవ. ఆ రోజు వంతు రాండల్‌ది. పక్క ఊరి బడికి వసంతంలోనే వచ్చిన కొత్త సైన్సు మాస్టారు. ఆయనకు పాత బడి ఏం తెలుసు? సైరన్ పక్క రోడ్డు మీద వినిపించింది. దగ్గరకొచ్చినట్టే వచ్చి దూరమైపోయింది. నోరీన్ ఇంక ఆగలేదు. పిల్లను పికప్ ట్రక్కులో పడుకోబెట్టి, అంబులెన్సు దుమ్ము లేచిన వైపే పొలానికి అడ్డంపడి తోలింది. నాలుగు రోడ్ల కూడలిలో అంబులెన్సుకు ఎదురెళ్ళి ఆపింది. అంబులెన్సులో సూది పడ్డాక టెస్ ఊపిరి తేలికైంది. ఇంకో ఐదు నిమిషాలైతే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లను ఇంటికి తెచ్చారు. కర్టిస్ అడిగాడు, "నాన్నా, మన దారి మొదట్లో ఉండాల్సిన నంబరు పలక ఏది?"

"కోళ్ళ గూటికి కన్నం పడితే దానికి అడ్డంగా మేకులు కొట్టి బిగించేశాను," అన్నాడు ఎమిల్, తల ఎత్తకుండా.

నోరీన్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఈ ఊళ్ళో చచ్చిపోయిన గుర్రాల పేర్లతో సహా మీకు తెలుసు మామయ్యా. మీ మనవరాలు ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయారు. నార్ఫోక్ టౌన్లో ఆస్పత్రి పక్కన ఒక ఇల్లు అద్దెకుందట. టెస్‌ను తీసుకుని వెళ్ళిపోతాను. అప్పుడు ఈ ఇంటికి మీ పేరు పెట్టుకోండి."

"నోరీన్, ఆగు..." అన్నాడు కర్టిస్.

"నువ్వు మాట్లాడకు!"

ఎమిల్ బల్ల మీది కాగితాలు పక్కకు నెట్టాడు.

"నేనూ ఇక్కడివాణ్ణి కాదమ్మాయ్," అన్నాడు. "పక్క కౌంటీ నుంచి ముప్పయ్యేళ్ళప్పుడు వచ్చి ఈ పొలం కొన్నాను. కాఫీ దుకాణంలో నాలుగేళ్ళు నా పక్కన ఎవడూ కూర్చోలేదు. అందుకే పేర్లన్నీ బట్టీ పట్టాను, ఊరివాడివిరా అనిపించుకోవాలని. అనిపించుకున్నాను కూడా. దానికోసం బంగారుతల్లిని పోగొట్టుకోబోయాను." ఇంత పెద్దమనిషి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకోవడం నోరీన్ అంతకుముందు చూడలేదు. ఆమె కోపం పూర్తిగా పోలేదు గానీ, సంచి సర్దడానికి లేవలేకపోయింది.

శనివారం పొద్దున్నే ఎమిల్ గుంటలు తవ్వే పార భుజాన వేసుకుని పికప్ పక్కన నిలబడ్డాడు. "నువ్వు తోలు. నేను తవ్వుతాను," అన్నాడు. పడిపోయిన, కనిపించని పలకలన్నీ ఇద్దరూ కలిసి నిలబెట్టారు. ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ఇప్పుడెవరుంటున్నారో అడిగి నోరీన్ చేత రాయించాడు.

"ఇదేం విడ్డూరం ఎమిల్!" అంది లుడ్మిలా ముసలావిడ. "ఇన్నేళ్ళుగా నేనెవరింట్లో ఉంటున్నానో నాకే చెప్పేవాడివి. ఇప్పుడు నన్నడుగుతున్నావా?"

"బుద్ధి ఆలస్యంగా వచ్చిందిలే. పేరు చెప్పు!"

సాయంత్రం అంబులెన్సు షెడ్డులో ఎమిల్ ఆ జాబితా రాండల్‌కు చదివి వినిపించాడు. ఒక్కో ఇంటి నంబరు, ఒక్కో మనిషి పేరు. సగానికి వచ్చాక, పక్కనే నిలబడ్డ నోరీన్ వైపు తిరిగాడు.

"ఎనభై నాలుగు పదిహేడు. నోరీన్ వాళ్ళ ఇల్లు."

రాండల్ కలం ఆపాడు. "అంటే, ఆ హోలుబ్ వాళ్ళదేనా?"

"వాళ్ళ సంగతి పుస్తకంలో చదువుకో మాస్టారూ. పిల్లకు ప్రాణం మీదకొస్తే మాత్రం నోరీన్ ఇంటికి రా."

నోరీన్‌కు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. గోడ వైపు తిరిగి తుడుచుకుని, పికప్ తాళంచెవులు చేతిలోకి తీసుకుంది.

"పదండి మామయ్యా, చీకటి పడుతోంది," అంది. "మనింటికి వెళ్దాం."