నో అన్న ఓటు

బస్సు కదలడం లేదు.

డిసెంబర్. సాయంత్రం ఐదు. లీడ్స్‌లో అప్పటికే చిమ్మచీకటి... పైన వాన.

హైమ జనాన్ని తోసుకుంటూ డ్రైవర్ దగ్గరికి వెళ్తుంది.

"తలుపు తియ్యండి. ప్లీజ్."

"స్టాప్ ఇంకా రాలేదమ్మా."

"ఒక మనిషి ప్రాణం పోతుంది. తియ్యండి."

అతను ఆమె ముఖం చూస్తాడు. తలుపు తెరుచుకుంటుంది.

దూకుతుంది. ఇక పరుగే.

చెవి దగ్గర ఫోన్. అవతల వైదేహి ఆంటీ.

"గ్యారేజీలో ఒక డబ్బా దొరికిందే హైమా. ఖాళీది. లోపల స్పాంజి... పిస్టల్ పట్టేట్టు కోసి ఉంది. మీ అంకుల్ ఫోన్ ఎత్తట్లేదు."

"ఇందాక మీరు చెప్పగానే 999కి చెప్పేశానాంటీ. పోలీసులు బయల్దేరారు. మీరు ఇంట్లోనే ఉండండి."

"ఆయన అట్లాంటి మనిషి కాదే..."

"తెలుసాంటీ."

తెలుసు. అలాంటి మనిషి కాదు కాబట్టే భయం.

సంజీవ్ అంకుల్ ఆపరేషన్‌కి ముందు మత్తిచ్చే డాక్టరు. పాతికేళ్లుగా ఈ ఊళ్లో వేలమందిని నిద్రపుచ్చాడు, మళ్లీ లేపాడు.

కూతుర్ని మాత్రం లేపలేకపోయాడు.

హాసిని. బర్మింగ్‌హామ్‌లో హైమతో ఒకే ఫ్లాట్‌లో ఉండేది. మొన్న ఏప్రిల్‌లో బస్ స్టాప్‌లో నిలబడి ఉంది. ఎవరో ఇంకెవర్నో కాల్చారు... తూటా హాసినికి తగిలింది.

ఉత్త చప్పుడు కోసం అమ్మే పిస్టల్ అది. ఎవడో దాన్ని నిజం తుపాకీగా మార్చాడు.

అలా మార్చడానికి వీలయ్యే సరుకు అమ్మినవాడు కోర్టులో జవాబు చెప్పాలని రెండేళ్ల క్రితం ఒక బిల్లులో క్లాజు పెట్టారు. నాలుగు ఓట్ల తేడాతో ఆ క్లాజు ఎగిరిపోయింది.

"మన ఎంపీ ఎటు వేసిందో చూసి పెట్టు తల్లీ," అన్నాడు అంకుల్, పోయిన వారం.

హైమ చూసింది. జూడిత్ క్రాస్లీ. తుపాకుల మీద మొత్తం ఆరు ఓటింగులు. ఒక్క పేజీలో టైపు చేసి పంపింది. ఆఖరి వరసలో, ఆ క్లాజు ఎదురుగా... నో.

ఈరోజు నాలుగున్నరకి ఆయన మెసేజ్.

'క్రాస్లీ లైబ్రరీలో జనాన్ని కలుస్తోంది, వెళ్తున్నా. ఆంటీని చూసుకో తల్లీ.'

చూసుకో అన్న మాట దగ్గర హైమ ఆగింది. బస్సెక్కి, పార్లమెంటు రికార్డు మళ్లీ తెరిచింది. ఈసారి ఒక్క లైను వదలకుండా చదివింది.

ఆ ఓటు క్లాజు మీద కాదు.

క్లాజును తీసెయ్యాలన్న సవరణ మీద!

నో అంటే తీసెయ్యొద్దని. జూడిత్ క్రాస్లీ ఓడిపోయినవాళ్లలో ఉంది. హాసిని వైపు ఉంది.

తప్పు చదివింది తను. ఆ తప్పును చేతిలో పెట్టుకుని ఆయన వెళ్లాడు.

లైబ్రరీ. మెట్లు. అద్దాల తలుపు.

"అపాయింట్‌మెంట్ ఉందా?" కౌంటర్ దగ్గర ముసలాయన.

"అందర్నీ బయటికి పంపండి. లోపల తుపాకీ ఉంది."

ఆయన నోరు తెరిచేలోపు హైమ లోపలి గది తలుపు తోసేస్తుంది.

చిన్న బల్ల. అటు పక్క జూడిత్ క్రాస్లీ, కళ్లజోడు చేతిలో, ముఖం తెల్లగా పాలిపోయి. ఇటు పక్క సంజీవ్ అంకుల్. తడిసిన కోటు. బల్ల మీద హైమ టైపు చేసిన పేజీ.

ఆయన చేతిలో పిస్టల్. చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు.

"బయటికి వెళ్లు హైమా."

"అంకుల్, ఆ పేపరు తప్పు."

"నువ్వే రాశావుగా."

"నేనే రాశాను. తప్పు చదివి రాశాను. క్లాజు తీసెయ్యడానికి పెట్టిన ఓటు అది. తియ్యొద్దని ఈవిడ నో అంది."

"ఈవిణ్ణి కాపాడ్డానికి చెప్తున్నావు."

"చదవండి." ఫోన్ బల్ల మీద పెట్టి ఆయన వైపు జరుపుతుంది. "మీరే చదవండి."

ఆయన చదువుతాడు. నెమ్మదిగా. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"మరి మిగతా ఐదు?"

అబద్ధం చెప్పొచ్చు. ఐదూ మంచివే అనొచ్చు. ఆ మాట హైమ నాలుక చివరిదాకా వచ్చింది.

"అవి నిజమే. మూడింటికి రాలేదు. రెండింటికి మనకి ఎదురు వేసింది."

పిస్టల్ అంగుళం పైకి లేస్తుంది.

హైమ జూడిత్ వైపు తిరిగి ఇంగ్లిష్‌లో అడుగుతుంది. "ఆ రెండు ఓట్లు ఎందుకలా వేశారో అడుగుతున్నారు. చెప్పండి."

జూడిత్ కళ్లజోడు బల్ల మీద పెడుతుంది.

"పార్టీ చెప్పింది. వేశాను. లోపల ఏముందో చదవలేదు. మూడోసారి చదివాను. అందుకే నో అన్నాను. డాక్టర్... మీ అమ్మాయి పేరు నాకు తెలుసు. మీకు ఉత్తరం రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను."

దూరంగా సైరన్.

అంకుల్ భుజాలు జారిపోతాయి.

"ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలీట్లేదు తల్లీ," అంటాడు.

పిస్టల్‌ని మెల్లగా బల్ల మీద పెడతాడు. వేలు తీసేస్తాడు. చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

ఠాప్!

దాన్ని ఎవరూ ముట్టుకోలేదు... అదీ ఎవడో మార్చిన చప్పుడు పిస్టలే, దానంతటదే పేలింది.

హైమకి ముందు నొప్పి తెలీదు. కాలు లేదనిపిస్తుంది. తర్వాత నేల. తొడ మీద వేడిగా, తడిగా.

ఆయన అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. రెండు అరచేతులూ గాయం మీద, ఒంటి బరువంతా వేసి.

"నన్ను చూడు. కళ్లు ముయ్యకు. నన్నే చూడు తల్లీ."

తలుపు బద్దలవుతుంది. నల్ల హెల్మెట్లు. మూడు తుపాకులు, మూడూ ఆయన మీదకే.

"చేతులు పైకెత్తు! ఎత్తు!"

"ఎత్తలేను," అంటాడు ఆయన, తల తిప్పకుండా. "తీస్తే ఈ పిల్ల పోతుంది."

"ఆఖరిసారి చెప్తున్నాం..."

జూడిత్ క్రాస్లీ బల్ల దాటి వచ్చి, ఆయనకీ తుపాకులకీ మధ్య మోకాళ్ల మీద కూర్చుంటుంది. చేతులు చాపుతుంది.

"ఎక్కడ నొక్కాలో చూపించండి."

ఆయన ఆమె అరచేతుల్ని తన చేతుల కిందకి లాగి, గాయం మీద సర్దుతాడు.

"ఇక్కడ. బలంగా. అంబులెన్స్ వాళ్లు చెప్పేదాకా వదలొద్దు."

"వదలను."

ఒక్క క్షణం చూస్తాడు. రక్తం ఆగింది.

అప్పుడు సంజీవ్ అంకుల్ రెండు చేతులూ పైకెత్తుతాడు.