కుడివైపు రెసిస్టర్

శనివారం ఉదయం ఐలా కాఫీ కాచింది, ఏలకుల రొట్టె కోసింది, బల్లమీద మూడు పళ్ళేలు పెట్టింది. మూడో పళ్ళెం చూడగానే ఆమె భర్త రైనో కోస్కెలా గుండె ఒక్కసారి తేలికైంది. ఆరు వారాలుగా ఆ పళ్ళెం అల్మరా దిగలేదు.

"హెలీ వస్తోంది," అంది ఐలా, సింకు వైపు తిరిగే. ఆ తర్వాత ఇంకేదో అంది. ఆ ఇంకేదో కుళాయి నీళ్ళతో పాటు జారిపోయింది.

"మంచిదే," అన్నాడు రైనో.

ఐలా కుళాయి కట్టేసి ఇటు తిరిగింది. "మంచిదా? తాళంచెవి ఇచ్చేయడానికి వస్తోందయ్యా మహానుభావా! తన సామాను తీసుకుపోయి, ఇక ఈ ఇంటికి రానంటోంది. అది నీకు మంచిదా?"

"చూద్దాం."

"ఏం చూస్తావు? ఒక్కగానొక్క కూతురు. దాని విషయం నువ్వు ఒక్కసారైనా అడిగావా? రాయి నయం, ఎండకైనా వేడెక్కుతుంది."

రైనో కాఫీ కప్పు తీసుకుని నేలమాళిగ మెట్లు దిగాడు. దాని విషయం అంటే ఏ విషయమో అతనికి తెలియదు. అడుగుదామంటే, ఇదివరకే చెప్పిన విషయమేదో తను విననేలేదని బయటపడుతుంది.

రెండు శీతాకాలాల కిందట అతని కుడిచెవి పనిచేయడం మానేసింది. ఒకనాటి ఉదయం లేచేసరికి ప్రపంచంలో సగం లేదు. పోయిన వినికిడి తిరిగి రాదని, మిగిలిన కాస్తా నూతిలో మాటలా ఉంటుందని డాక్టరు చెప్పాడు. రైనో ఆ మాట ఇంట్లో చెప్పలేదు. థండర్ బే ఊరి రేడియో స్టేషన్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు శబ్దాన్ని తూచి తూచి పంపినవాడు అతను. గాయకురాలు మైకుకు అంగుళం దూరం జరిగినా కళ్ళు మూసుకునే చెప్పగలిగేవాడు. అక్కడ అందరూ అతన్ని బంగారు చెవులని పిలిచేవారు. ఆ బంగారంలో సగం కరిగిపోయిందని ఎవరితో చెప్పుకుంటాడు?

అందుకని తల ఊపడం నేర్చుకున్నాడు. ఎదుటి పెదవులు విచ్చుకుంటే మంచిదే అన్నాడు, ముడుచుకుంటే చూద్దాం అన్నాడు. పిలుపులు తగ్గాయి, కబుర్లు తగ్గాయి, చివరికి ఇంట్లో అతనితో మాట్లాడేది గోడ గడియారం ఒక్కటే అన్నట్టయింది. అదీ ఎడమవైపు ఉన్నంతసేపే.

నేలమాళిగలో, దీపం కింద, అతని మూడు నెలల తపస్సు పడి ఉంది. పిప్పరమెంటు డబ్బాలో పట్టేంత చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసి, చెరిపి, ఒక్కో విడిభాగాన్ని వెంట్రుకవాసి జరిపి, రెండు వేళ్ళ వెడల్పు రాగి రేకు మీదికి ఆ సర్క్యూట్‌ను మొత్తం కుదించాడు. ఇప్పుడు మిగిలింది చివరి నాలుగు అతుకులు. సోల్డరింగ్ ఐరన్ మొనను రాగికీ తీగకాలికీ ఒకేసారి ఆనించాలి, మనసులో మూడు లెక్కపెట్టాలి, అప్పుడు సీసం తీగ అందించాలి. సరిగ్గా కరిగితే అతుకు చిన్న వెండికొండలా మెరుస్తుంది. తొందరపడితే పొడిబారుతుంది, అతికినట్టే ఉంటుంది, లోపల మాత్రం విడిగానే ఉంటుంది.

చెవి పోయిన నాటినుంచి అతని పాటలన్నీ ఎడమకు ఒరిగిపోయాయి. గాయకులందరూ ఎవరో తరిమినట్టు ఒకే గోడకు ఆనుకుని నిలబడేవారు. వాళ్ళను మళ్ళీ నట్టనడుమకు పిలుచుకోవాలి. అతనికి మిగిలిన కోరిక అంతే.

మూడో అతుకు వేస్తుండగా భుజం మీద చెయ్యి పడింది. రైనో ఉలిక్కిపడ్డాడు, వేడి మొన వేలికి తగిలింది.

"మూడుసార్లు పిలిచాను," అంది హెలీ. అతని కుడిపక్కన, కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. మనిషి చిక్కిపోయింది. "మూడుసార్లు, నాన్నా! తల కూడా ఎత్తవేం?"

"పనిలో ఉన్నానమ్మా."

"ఎప్పుడు లేవు గనక?" ఆమె తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. "ఇదిగో. నా పనిముట్ల పెట్టె తీసుకుపోతాను. పైన అమ్మ ఏడుస్తోంది. నువ్వు కానియ్యి, నీ పని చెడగొట్టడం ఎందుకు?"

రైనో ఆమె పెదవులనే చూస్తున్నాడు. సగం వినబడింది, సగం కనబడింది. "కూర్చోమ్మా. కోపమెందుకో చెప్పు."

"ఎందుకో తెలియదా నీకు?" హెలీ గొంతు లేచింది. "పండుగ భోజనం అయ్యాక నన్ను ఇంటి దగ్గర దింపావు. కారులో నీ పక్కనే కూర్చుని చెప్పాను. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని చెప్పాను. 'నాన్నకు నేనే చెప్తాను, నువ్వు చెప్పకు' అని అమ్మను ఆపి మరీ చెప్పాను. అంతా విని నువ్వేమన్నావో గుర్తుందా?"

కారులో. అతను బండి నడుపుతున్నాడు, ఆమె పక్క సీటులో ఉంది. ఆ దేశపు కార్లలో స్టీరింగు ఎడమవైపు, కాబట్టి ఆమె అతనికి కుడివైపు. తారు మీద చక్రాల హోరు, అద్దాల మీద వాన. అతను దారినే చూస్తున్నాడు, ఆమె ముఖం చూడలేదు. ఏదో మాట్లాడుతోందనుకున్నాడు. ఏదో అనే ఉంటాడు.

"ఏమన్నాను?"

"మళ్ళీ నా నోటితో చెప్పించకు." ఆమె కళ్ళు తుడుచుకుని బల్లకింది పెట్టె లాగింది.

లాగుతూ లాగుతూ దీపం వెలుగులో ఆగింది. హెలీ ఆసుపత్రి యంత్రాలు బాగుచేస్తుంది. చెయ్యి తిరిగింది ఈ బల్ల దగ్గరే. కోపం వచ్చినంత మాత్రాన కళ్ళు నేర్చిన విద్య మరచిపోవు కదా. ఆమె బోర్డు మీదికి వంగింది.

"ఇదేంటి?"

"ఏది?"

"రెండు సగాలూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉండాలిగా. ఎడమ చెవి రెసిస్టర్ మీద గోధుమరంగు, నలుపు, నారింజ చారలు. పదివేల ఓములు, సరే. మరి కుడికి పసుపు, ఊదా, నారింజ పెట్టావేంటి? నలభై ఏడువేలు! కుడివైపు మోత దాదాపు అయిదింతలవుతుంది." కోటు జేబులో చేతులు దూర్చి, అంత కోపంలోనూ పెదవి విరిచింది. "రంగులు చదవడం నాకు అక్షరాలకంటే ముందు నేర్పావు. నువ్వే తప్పు పెడితే ఎలా? ఐరన్ ఇలా ఇవ్వు, మార్చేసి పోతాను. నా ఆఖరి సాయం అనుకో."

చెయ్యి చాపింది. మాట చాలా సులువు. అవునమ్మా, పొరపాటు, కళ్ళు కనబడటం లేదు అంటే చాలు. ఆమె మారుస్తుంది, పెట్టె తీసుకుంటుంది, మెట్లెక్కుతుంది. బంగారు చెవులు బంగారంగానే మిగిలిపోతాయి. వాటిలోకి మాటలు పోసేవాళ్ళు మాత్రం ఉండరు.

రైనో బోర్డు మీద అరచెయ్యి కప్పాడు. "వద్దు. అది తప్పు కాదు."

"తప్పు కాకపోతే?"

"కావాలనే పెట్టాను. అంత పెంచితేనే అటువైపు ఏదైనా చేరేది."

హెలీ అతనివంక చూసింది. బోర్డు వంక చూసింది. ఆ ఇరుకు రాగి దారుల వెంట ఆమె చూపు జాక్ నుంచి చిప్ దాకా, చిప్ నుంచి ఆ ఊదా చార దాకా మెల్లగా నడిచి, అక్కడ ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! అమ్మకు తెలుసా?"

"ఎవరికీ తెలియదు. చెప్తే మీరంతా నాతో గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు. జాలిగా చూస్తారు. అది భరించలేననుకున్నాను." కాలిన వేలిని మరో చేత్తో పట్టుకున్నాడు. "నువ్వు కారులో ఏం చెప్పావో నాకు తెలియదు హెలీ. నిజంగా తెలియదు. నేనేమన్నానో అది కూడా తెలియదు. వినబడనప్పుడల్లా ఒకటే అంటాను, మంచిదే అని."

హెలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పైన ఐలా అడుగులు వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాయి. అవి ఎటు వెళ్తున్నాయో హెలీకి మాత్రమే తెలుసు.

తర్వాత ఆమె కోటు విప్పింది. మూలనున్న స్టూలు తీసుకుని, బల్ల చుట్టూ నడిచి వచ్చి, తండ్రి ఎడమవైపు వేసుకుని కూర్చుంది. మోకాలు మోకాలికి తగిలేంత దగ్గరగా.

"ఇటు వినబడుతుందా?"

"బాగా."

"అప్పుడు నాకు నాలుగో నెల, నాన్నా. మీ ఇద్దరికీ పండుగనాడు చెప్పాలనుకున్నాను." ఆమె గొంతు సన్నగా, తిన్నగా సాగింది. "పండుగకు వారం ముందే పాప పోయింది. ఆడపిల్ల. ఆ మాటే కారులో చెప్పాను."

రైనో కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టబోయాడు, అవి కిందపడ్డాయి. వంగి తీసుకోలేదు. "దానికి నేను... ఆ మాటన్నానా?"

"అన్నావు."

"అంటుంటే నువ్వు ఆ పక్కనే కూర్చుని..." మాట పూర్తి కాలేదు. రేడియోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎవరి ఏడుపు ఎంత దూరాన ఉందో కొలిచినవాడు, అడుగు దూరంలో బిడ్డ ఏడిస్తే దారి చూస్తూ బండి నడిపాడు. అతను ముఖం ఆమె భుజానికి ఆన్చి ఏడ్చాడు. హెలీ అతని తెల్లజుట్టు మీద చెయ్యి వేసి, ఆరు వారాలుగా బిగబట్టినదంతా వదిలేసింది.

కొంతసేపటికి అతను తల ఎత్తాడు. "పేరు అనుకున్నారా?"

"అనుకున్నాం." ఆమె అతని ఎడమచెవి దగ్గరికి ఇంకొంచెం వంగింది. "సైమీ."

"మళ్ళీ చెప్పు."

రెండేళ్ళలో అతను ఎవరినీ అడగని మాట అది. హెలీ బెంగగా చూసింది. "వినబడలేదా నాన్నా?"

"వినబడింది. అయినా మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది.