మూడో పిలుపు

పాలమూరు దాటినంక ఒక యూనివర్సిటీ ఉన్నది. అక్కడి ఆడపిల్లల హాస్టల్ ఎనుక ఒక పాత బాయి. ఇప్పుడు దాని మీద ఇనుప జాలి పరిచిండ్రు, చుట్టూ సర్కారు తుమ్మ మొలిసింది... అయినా పొద్దు గూకినంక ఆ దిక్కు ఏ పిల్లా పోదు. పోతే — పేరు పెట్టి పిలుస్తదట.

ఎవరంటే, సావిత్రమ్మ. యూనివర్సిటీ రాకముందు గా బాయి, చుట్టున్న చెల్క — మెట్ట చేను — అంత వాళ్లదే. పొద్దుమీకి, దీపాలు పెట్టే యాల్లకు, బాయి గడ్డ మీద నిలవడి కూలోళ్లను పేరుపేరునా బువ్వకు పిలిచేదట. ఒకనాడు గట్లనే పిలుసుకుంట కాలు జారింది. మనిషి పోయింది, పిలుపు పోలే... పలికినోళ్లను బాయిలకు గుంజుకుంటదని సీనియర్లు కొత్త పిల్లలకు మొదటి వారమే చెప్తరు. నాకు చెప్పినోళ్లు కూడా గొంతు తగ్గించుకునే చెప్పిండ్రు.

ఒక ఏడు మక్తల్ దిక్కు నుంచి స్వరూప అని ఒక పిల్ల వచ్చి చేరింది. బాయి వైపు కిటికీ ఉన్న ఆఖరు రూమే దొరికింది దానికి. మాట్లాడమంటే నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నట్టే ఉంటది. క్లాసుల హాజరు పిలిస్తే దీని గొంతు సారు దాక పోదు. సారు ఎదురుంగ కూసున్నా దీనికి గైర్హాజరు పడుతది. మల్ల లేచి చెప్పనూ చెప్పదు.

దానికి తోడు, అవ్వ శ్యామలమ్మ చిన్నప్పటిసంది నూరిపోసిన మాట ఒకటున్నది. దీపాలు పెట్టినంక ఎవరు పిలిచినా మూడుసార్లు పిలిచేదాక పలుకొద్దు. దయ్యం మూడోసారి పిలువదు, మనిషే పిలుస్తడు. ఊర్లె అందరికి ఎరికే కాబట్టి నడుస్తది. హాస్టల్ల ఎవరు మూడుసార్లు పిలుస్తరు, చెప్పుండ్రి? రూము పిల్లలు మొదట్ల తినవోతూ ఒక్కసారి పిలిచిండ్రు. ఇది పలుకకపాయె. అబ్బో, ఏం పొగరే దీనికి అనుకున్నరు. దసరా వచ్చేటాల్లకు ఆ ఒక్క పిలుపూ బందైంది.

స్వరూపకు బాధ కూడా తెలుస్తలేదు. అదే మరీ పాడు. అందరు తినొచ్చినంక కంచం పట్టుకొని పోతది, అడుగున మిగిలిన అన్నం పెట్టుకుంటది, నల్లాల కాడ కూసొని తింటది. ఏం తిన్నవే అని ఎవరన్న అడిగితే చెప్పలేకపోతది. బాపు ఫోన్ చేస్తే మంచిగున్న అంటది. ఏడుపొచ్చినా నయముండు, అదీ రాకపాయె. ఆఖరుకు సంచి సదురుకున్నది. ఆదివారం ఇంటికి పోవుడు — మల్ల రాకుండుడు. పోతే ఇగ పత్తి చేనేనని, సదువు ముచ్చట అక్కడికి ముగుస్తదని దానికి బాగ ఎరికె. అయినా చేతులు బట్టలు మడత పెట్టుకుంటనే ఉన్నయి.

గా వారమే మొదలైంది.

రూము పిల్లలు తినవోయిండ్రు. ఇది ఒక్కతే మంచం మీద ఉన్నది. కిటికీ అవతల, బాయి దిక్కు నుంచి...

"స్వరూపా..."

ఆడగొంతు. మెల్లగ.

"స్వరూపా..."

రెండోది. ఇగ మూడోది వస్తదని చూసింది... రాలె. తుమ్మ కొమ్మలు కదిలినట్టు సప్పుడైంది — అంతే.

తెల్లారి గదే యాల్లకు మల్ల. రెండుసార్లు. మూడోది లేదు. ఆ తెల్లారి కూడా గంతే. అవ్వ చెప్పిన లెక్కన అది మనిషి కాదు. ఎవరికి చెప్పాలె? చెప్పెటందుకు ఎవరున్నరు?

శనివారం మాపు సంచి తల కింద పెట్టుకొని పండుకున్నది. అప్పుడు తోచింది దానికి. ఇంతమంది పిల్లలున్న హాస్టల్ల తన పేరు ఎత్తేది గా దయ్యం ఒక్కతే. భయం ఉన్నకాడ ఉన్నది గని, అది గూడ ఎవరిదో అన్నట్టున్నది. గుంజుకుంటే గుంజుకోనీ అనుకున్నది.

"స్వరూపా..."

"ఓ," అన్నది. మొదటి పిలుపుకే.

చెప్పులు కూడా తొడుక్కోకుంట ఎనుక తలుపు తీసి బాయి దిక్కు నడిచింది. తుమ్మముండ్లు గుచ్చుకుంటున్నయి, తెలుస్తలేదు. జాలి పక్కన ఒక ఆకారం నిలవడి ఉన్నది. చేతిల ఏదో తళుక్కుమన్నది...

కంచం.

స్టీలు కంచం రొమ్ముకు ఆనించుకొని నిలవడ్డది పూజ. దేవరకొండ దిక్కు పిల్ల, స్వరూప క్లాసే, ఎనుక బెంచిల మూలకు కూసుంటది. ఆమె ఉండేది బాయి అవతలి బిల్డింగుల; మెస్సుకు ఇట్లకెళ్లే దగ్గరని, భయమైనా బాయి పక్కకెళ్లే వచ్చేదట. స్వరూప ఒక్కతే కూసునుడు కిటికీలకెళ్లి రోజూ చూసిందట. రూము దాక వచ్చి అడుగుదామంటే సిగ్గు అడ్డమొచ్చిందట.

"తినవోదామని పిలిచిన," అన్నది పూజ. "నువ్వు పలుకకపోతివి."

"మూడోసారి ఎందుకు పిలువలే?"

"మా అమ్మ వద్దంటది. పొద్దు గూకినంక మూడోసారి పేరు ఎత్తొద్దట... ఎత్తితే మన గొంతు దయ్యం పట్టుకుంటదట."

మూడోది లేనిదే పలుకనిది ఒకతి, మూడోది పిలువనిది ఇంకొకతి. స్వరూపకు నవ్వొచ్చింది. దానెంబడే ఇన్ని దినాల ఏడుపూ వచ్చింది. పూజ కంచం ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకొని దాని రెక్క పట్టుకున్నది. ఇద్దరు కలిసి తిన్నరు. ఆ పూట కూర బెండకాయ అని స్వరూపకు ఇప్పటికీ యాదికున్నది.

ఆదివారం మక్తల్ బస్సు పోయింది, ఇది పోలే. సంచిల బట్టలు మల్ల తాడు మీదికెక్కినయి. ఇద్దరు ఒక మాట అనుకున్నరు. పూజ రెండుసార్లే పిలుస్తది, స్వరూప రెండోదానికే పలుకుతది.

సోమవారం పొద్దుమీకి స్వరూప చదువుకుంట చదువుకుంట కునుకు తీసింది. నిద్రల వినవడ్డది, పూజ గొంతే. ఒకసారి... రెండోసారి... లేవబుద్ది కాలె. మూడోసారి గట్టిగ, చెల్క ఆ మూలకు వినవడేటట్టు పిలిచింది. దిగ్గున లేచి కంచం అందుకొని ఉరికింది.

"ఇయ్యాల మూడోసారి గూడ పిలిచినవ్ గదనే," అన్నది బాయి కాడికి వచ్చి.

పూజ ముఖంల నెత్తురు లేదు.

"నేను రెండుసార్లే పిలిచిన."

ఇద్దరూ జాలి దిక్కు చూడలె. ఒకరి రెక్క ఒకరు పట్టుకున్నరు.

"మూడోసారి... ఏమన్నది?" పూజ గుసగుసగ అడిగింది.

"పేరే," అన్నది స్వరూప. "ఆ ఎనుకనే — బువ్వ సల్లారుతాంది బిడ్డా, అన్నది."